ఓదెమ్మ కూలి కాయలు

ఊకొట్టేటోళ్ళు ముందుకు జరుగుండ్రి, నిద్రొచ్చేటోళ్ళు లేచిపోండ్రి. ఇది మా గూడెం కథ, మా ఓదెమ్మ కథ!

ఎప్పటిదో తెల్వదు. మా తాతల తాతలు కూడా పుట్టలే. మద్దిచెట్ల అడవిల మా గూడెం ఉండె. ఆ చెట్లమీదనే దసలి పురుగు బతుకుతది. బొటనవేలంత లావు, పచ్చగ నిగనిగలాడుతది. ఆకు తింటది, కుబుసం ఇడుస్తది, మళ్ళ తింటది. కడుపు నిండినంక కొమ్మకు కాడ బిగించి, కోడిగుడ్డంత గూడు కట్టుకొని లోపల పంటది. దాన్నే మేం కాయ అంటం. ఆ కాయలు ఉడకబెట్టి పట్టుదారం తీసుడే మా బతుకు.

ఓదెమ్మకు ఎవ్వరు లేరు. ఒక కాలు అవిటి. చెట్లకింద కూసొని "హుయ్! హుయ్! హుయ్!" అని పురుగులమీదికొచ్చే కాకుల్ని కొట్టేది. ఏడాదికి కూలి పన్నెండు కాయలు.

ఒక ఏడు వానల్లేక కాయలు సగమే అయినయి. గూడెం పెద్ద బక్కన్న "ఒక్కటి కూడా ఇడ్వకుండ్రి, అన్నీ తెంపుండ్రి" అన్నడు.

"విత్తనానికన్న ఇడువు బిడ్డా" అన్నది ఓదెమ్మ.

"ఇంత అడవిల ఎక్కడో ఉంటయి తియ్. నువ్వు నీ కాకుల్ని సూస్కో అవ్వా!"

అన్నీ తెంపిండ్రు, అన్నీ ఉడకబెట్టిండ్రు. ఓదెమ్మ మాత్రం తన పన్నెండు కాయల్ని దండకట్టి చూరుకు ఏలాడదీసింది.

పక్కింటామె వచ్చి "ఉడకబెట్టవే అవ్వా, దారం అమ్ముకుంటే గంజికన్న అయితది" అన్నది. "పుట్టనియ్యి" అన్నది ఓదెమ్మ. నెలకు మళ్ళొచ్చి అడిగింది. "పుట్టనియ్యి" అన్నది. మూడోసారి బక్కన్నే వచ్చిండు.

"ఏం మొండిదానివే! ఆకలికి సస్తవు!"

"పుట్టనియ్యి. ఈ కాయలల్లకెల్లి రెక్కలతోని వచ్చే తల్లిపురుగుకు తినే నోరే ఉండదు బక్కన్నా. గుటికెడు నీళ్ళు కూడా తాగది. నాలుగొద్దులు బతికి, గుడ్లుపెట్టి పోతది. నాకు నోరున్నది, గడ్డలు తవ్వుకొని తింటున్న. నేనాపాటి ఆగలేనా?"

తొలకరి పడ్డది. కాయలు నాని, తల్లులు బయటికొచ్చినయి. అరచెయ్యి దాటిన రెక్కలు, రెక్కకో అద్దంబిళ్ళ! గుడ్లు పెట్టినయి. అప్పటికే గూడెపోళ్ళు విత్తనానికి అడవంత తిరిగొచ్చిండ్రు, ఒక్క కాయ దొరకలే. ఓదెమ్మ ఆ గుడ్లను ఆకుదొప్పలల్ల పెట్టి చెట్టుచెట్టుకు కట్టింది. కుంటుకుంట తిరిగి "హుయ్! హుయ్! హుయ్!" అని కాపలా కాసింది. పురుగులు కాయలు కట్టే ఏళకు మద్దిచెట్టు కిందనే కన్నుమూసింది.

కొమ్మలు వంగేటట్టు కాయలు! బక్కన్న ఆమె కాళ్ళకాడ కూలబడి ఏడ్సిండు. "నువ్వు నా మాట ఇనుంటే గూడెమే మిగలకపోవు గదనే అవ్వా" అన్నడు. అందరికంటె ముందు తనే చెట్టెక్కి, పన్నెండు మంచి కాయలు చూసి, వాటికి ఎర్రదారం కట్టి ఇడిసిండు.

మేం ఇప్పటికి అట్లనే ఇడుస్తం. ఇడిసి, మూడుసార్లు "హుయ్" అంటం. కాయలు కొననీకి వచ్చినోళ్ళు పైకి సూసి "అంత మంచియి ఇడిసిండ్రేంది, తెంపి ఇయ్యుండ్రి" అంటరు.

మా పిల్లలు కూడా తల ఎత్తి చెప్తరు: "అవి మావి కావు. ఓదెమ్మ కూలి."