ఈరమ్మ వెంట వచ్చిన నీళ్లు

రాజుగారు పట్నం దాహం తీర్చడానికి దూరాన పెద్ద చెరువు కట్టించారు. అందులో తన ఊరు మునిగిపోయి, కుమ్మరి ఈరమ్మ పట్నం చేరింది. అక్కడేమో ఆ చెరువు నీళ్లు వచ్చిపడే తొట్టి దగ్గర పట్నంవాళ్లు నింపుకున్నాకే బయటివాళ్లు ముంచుకోవాలి. అప్పటికి మిగిలేది బురదే. ఇంట్లో బిడ్డకు జ్వరం. ఒకనాడు ఈరమ్మ కడవతో నేరుగా ముందుకెళ్లింది.

"వెనక్కిపో! మొన్న వచ్చినదానివి, ముందు నిలబడతావా?" అని కసిరాడు తొట్టి అధికారి.

"ఈ నీళ్లు ఎప్పుడొచ్చాయి దొరా?"

"నిరుడు, చెరువు నిండాక."

"నేనూ నిరుడే, అక్కణ్ణించే వచ్చాను. ఈ నీళ్లు మీవైతే నేనూ మీదాన్నే. నేను బయటిదాన్నంటారా, నీళ్లూ మా ఊరివే. అప్పుడు మీరే బయటివాళ్లు, నా వెనక నిలబడండి."

అధికారి పక్కకు తప్పుకున్నాడు. ఈరమ్మ కడవ నింపుకుంది. అలా ఆమె గెలిచింది, పిల్లలూ. ఆమె ఊరు మాత్రం ఇంకా నీళ్ల కిందే ఉంది.