పల్లపువీధి మురుక్కాలువ

అడవి అంచున దుప్పివాడ అని ఓ చిన్న పట్నం ఉండేది. జంతువులే కట్టుకున్నాయి, జంతువులే ఏలుకుంటున్నాయి. ఒక పెద్దబజారు, నాలుగు మెరక వీధులు, అన్నిటికీ దిగువన పల్లపువీధి. ఊళ్ళో వాననీరంతా పల్లపువీధి కాలువలోంచే ఏట్లోకి పోవాలి. ఊరి చెత్తంతా సింగారి అనే గాడిద వీపు మీదే పోవాలి. సింగారి ఏనాడూ ఆగింది లేదు గానీ, కాలువ మాత్రం పూడిపోయి రెండేళ్ళయింది.

ఊరి కార్యదర్శి జంబులింగం అనే నక్క. కబుర్లు చెప్పమంటే కోటలు దాటిస్తాడు, పని చెయ్యమంటే గుమ్మం దాటడు. ఏటా వేసవి చివర ఈయనగారు ఊరి ప్రగతి నివేదిక రాస్తాడు. అడవి పెద్ద దంతులయ్య అనే ఏనుగు వచ్చి ఊరు చూసి, బాగుందంటే దాని మీద పాదముద్ర వేస్తాడు. ముద్ర పడిందా, అందులో రాసిన పనులన్నీ అయిపోయినట్టే. మళ్ళీ ఏడాది దాకా వాటి ఊసెత్తేవాడుండడు.

ఆ రోజు పొద్దున్నే గంపలతో పల్లపువీధికి వచ్చిన సింగారిని బుల్లెమ్మ ఆపింది. బుల్లెమ్మ అంటే కుందేలు, కాలువ గట్టునే ఆమె బొరియ.

"వదినా, ఈసారి నివేదికలో మన కాలువ ఉందా?"

"ఉందమ్మా. పూడిక తీసేశారట."

"ఎవరు తీశారు? ఎప్పుడు? నేనిక్కడే ఏడుస్తున్నాగా, నా కళ్ళేమన్నా పోయాయా?"

"పూడిక తీసే పందుల జట్టంతా నెల్లాళ్ళ నుంచీ పెద్దబజార్లో రాళ్ళకి సున్నం కొడుతోంది. దంతులయ్య దొరగారు వచ్చేది ఆ దారినేగా మరి!"

సింగారి కాలువ వంక చూసింది. నిరుడు మొదటి వానకే కాలువ పొంగి బొరియలోకి నీళ్ళొచ్చాయి. బుల్లెమ్మ పిల్లల్ని ఒక్కొక్కర్నే నోట కరుచుకుని సింగారి గంపలోకి చేర్చింది. నాలుగోవాడి కోసం వెళ్ళేసరికి బొరియే లేదు. ఇప్పుడామెకి మళ్ళీ నిండు నెలలు. వానలకి పట్టుమని పదిరోజులు లేవు.

"పోనీ మెరకకి మారిపోరాదూ?" అంది సింగారి.

"అక్కడ జాగా ఎవరిస్తారు వదినా?"

"అయితే ఈ ఏడు ఆ ముద్ర పడనివ్వను."

"ఎలా ఆపుతావు?"

"ఏమో, నాకూ తెలీదు. పడనివ్వను, అంతే."

పెద్దబజార్లో అడుగు పెట్టగానే జంబులింగం ఎదురొచ్చాడు.

"ఏమే సింగారీ! రేపే దొరగారు వచ్చేది. ఇంటింటికీ తిరిగి చెత్త తీస్తున్నామని రాశాను. నువ్వు మెళ్ళో దండేసుకుని ముందు నడవాలి. పెద్దబజారు దాటితే సభ, అంతే. అటూ ఇటూ పోయావో, తోలు ఒలిపిస్తా!"

"రోజూ ఎలా నడుస్తానో అలాగే నడుస్తానయ్యా."

"అదీ మాట! ఇవి చూశావూ?"

బజారుకి రెండు వైపులా పచ్చటి మొక్కలు. నిన్నటిదాకా అక్కడ గడ్డిపరక లేదు. సింగారి వంగి వాసన చూసింది. రావి కొమ్మలు, మేడి కొమ్మలు, అప్పుడే విరిచి గుచ్చినవి.

"అయ్యా, ఇవి మొక్కలు కావు కదా, కొమ్మలు!"

"ష్! రేపటిదాకా వాడకపోతే చాలు. ఆకులూ అలములూ పట్టుకు చూసేదెవడే?"

మాంసం తినేవాడికి ఆకంటే చూసి ఆనందించేదే కాబోలు! సింగారికి నవ్వొచ్చింది, బిగబట్టుకుంది.

"దొరగారి భోజనం ఎప్పుడయ్యా?"

"సభయ్యాక. బండెడు చెరుకు తెప్పించా."

"అయితే ఖాళీ కడుపుతోనే నడుస్తారన్నమాట."

"నాలుగడుగులేగా, ఎంతసేపూ!"

మర్నాడు దంతులయ్య వచ్చాడు. డప్పులు మోగాయి. సింగారి మొదటి ఇంటి ముందు ఆగి, ఓండ్ర పెట్టి, చెత్త గంపలో పడేదాకా కదల్లేదు. రెండో ఇంటి ముందూ అంతే. ఆరో ఇంటికొచ్చేసరికి జంబులింగం తలప్రాణం తోకకొచ్చింది.

"నడవవే, నీ దుంపతెగ!"

"ఇంటింటికీ అని మీరే రాశారు కదయ్యా."

"పని చేసేదాన్ని తొందరపెట్టకు జంబులింగం," అన్నాడు దంతులయ్య. "నాకూ చూడాలనే ఉంది."

ఇరవై ఇళ్ళయ్యాయి. ఎండెక్కింది. దొరగారి కడుపు ఉరిమింది. పక్కనే నవనవలాడుతూ రావి మొక్క. ఏదో నాలుగాకులు కోసుకుందామని పాపం ఆయన తొండం చాపాడు. ఆకుతో పాటు మొక్కంతా చేతికొచ్చినట్టు తొండానికొచ్చేసింది. పక్కది లాగాడు, అదీ వచ్చింది.

"వేళ్ళేవి, జంబులింగం?"

"అది... కొత్త రకం దొరగారూ. వేళ్ళు తర్వాతొస్తాయి."

దంతులయ్య కొమ్మ నమిలాడు. "రుచి మాత్రం పాత రకమే. ఇంకేం రాశావు నీ నివేదికలో?"

నక్క కాగితాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు. సింగారి ముందుకొచ్చింది.

"పల్లపువీధి కాలువ పూడిక తీశామని రాశారు దొరగారూ. నేను రోజూ పోయే దారే. వస్తారా?"

"అయ్యయ్యో, అక్కడ బురద! దొరగారి పాదాలు..." అని నాలిక్కరుచుకున్నాడు జంబులింగం.

"పూడిక తీశాక బురదెక్కడిదోయ్?" అంటూ దంతులయ్య అటే నడిచాడు. కాలువలో కాలు పెట్టాడు. మోకాలిదాకా దిగబడింది.

గట్టు మీద బుల్లెమ్మ నిలబడి ఉంది. "నిరుడు నా నాలుగోవాడు ఇక్కడే పోయాడు దొరగారూ. ఈసారి ఎంతమంది పోతే పనవుతుందో చెప్పండి."

డప్పులు ఆగిపోయాయి. నిరుడు కూడా కాలువ బాగుందన్న నివేదిక మీద ముద్ర వేసింది తనేనని దంతులయ్యకి గుర్తొచ్చింది కాబోలు. మెల్లగా కాలు పైకి లాక్కుని నక్క వైపు తిరిగాడు.

"నా పాదముద్ర అడిగావుగా? ఇదిగో, ఈ బురదలో వేశాను. కాలువ అడుగు కనబడేదాకా నువ్వూ, పందుల జట్టూ కలిసి తవ్వండి. కాగితం సంగతి ఆ తర్వాత."

"నేనా? నేను కార్యదర్శిని దొరగారూ!"

"నక్కవి కూడా కదటయ్యా. మట్టి తవ్వడం నీకు కొత్తా?"

ఎనిమిది రోజులు తవ్వారు. పూడికంతా సింగారి గంపల్లోనే పోయింది. వీపు ఒరుసుకుపోయినా ఆమె పని ఆపనివ్వలేదు.

"చాల్లేవే సింగారీ, నీళ్ళు పారతాయిలే!" అన్నాడు జంబులింగం.

"అడుగు రాయి తగల్లేదయ్యా. తవ్వండి."

తొమ్మిదో రోజు వాన దంచి కొట్టింది. నీళ్ళు గట్టు తాకకుండా బిరబిరా ఏట్లోకి పోయాయి. పొడి బొరియలో బుల్లెమ్మ అయిదుగుర్ని కంది. చెవులదాకా బురదతో జంబులింగం కొత్త నివేదిక రాశాడు. అందులో ఒక్కటే ముక్క: పల్లపువీధి కాలువ పారుతోంది. దంతులయ్య దాని మీద పాదం మోపాడు.

కాగితం మీద తీసిన పూడికని మొదటి వానే బయటపెడుతుంది.