మంగతాయారు గేదె

దస్తగిరి మాస్టారిని ఏదైనా అడిగితే సమాధానం రాదు, సంచీ వస్తుంది. "వెళ్ళి ఫలానాది పట్రా" అంటారు. వెళ్ళొచ్చేలోపు ఆ అడిగినవాళ్ళకి ఏదో ఒకటి జరుగుతుంది. అదే సమాధానమని తర్వాతెప్పుడో తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు కూడా. మండపేటలో ఆయన బేకరీ పక్కనే నా పిండిమర. రోజూ నాలుగింటికి అక్కడే టీ తాగుతాను కాబట్టి ఇలాంటివి చాలా చూశాను. ఈ ఒక్కదాంట్లో మాత్రం నాకూ కాస్త తగిలింది.

మాస్టారి దగ్గర రొట్టెలు చేయడం నేర్చుకునేవాళ్ళలో మంగతాయారు ఒకతె. నలభై దాటిన మనిషి, జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. బేకరీ పెట్టాలన్న ఆలోచనేమీ ఆమెకు లేదు. ఆమె బాధంతా అన్నయ్య అబ్బులు గురించి. అబ్బులు స్కూలు బస్సు నడుపుతాడు. పాతికేళ్ళుగా పొద్దున్నే టీలో బన్ను ముంచుకు తినడం అతని అలవాటు. షుగరు వచ్చాక అన్నం తగ్గించమంటే తగ్గించాడు గానీ, ఆ బన్ను మాత్రం మానలేకపోయాడు. కిందటేడు కుడికాలి చిటికెన వేలు తీసేశారు. పక్క వేలు కూడా నల్లబడుతోందనీ, వచ్చే నెల పరీక్షలో షుగరు దిగకపోతే దాన్నీ తీయాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. రెండో వేలు కూడా పోతే బస్సు ఇవ్వనని యజమాని ముందే తేల్చేశాడు. అందుకని మంగతాయారు మైదా జోలికి పోకుండా బాదం పిండి, గుడ్లు, ఇసబ్గోలు పొట్టుతో రొట్టె చేయడం నేర్చుకుంది. అబ్బులు ఇష్టంగానే తిన్నాడు. అయితే ఆమె సంపాదనకు బాదం పిండి వారంలో రెండు రోజులకే వచ్చేది. మిగతా ఐదు రోజులూ అబ్బులు చెల్లెలి కళ్ళుగప్పి బన్ను తింటూనే ఉన్నాడు.

ఒకనాడు ఆమె అడిగింది. "మాస్టారూ, షుగరున్న వాళ్ళ రొట్టె డబ్బున్న వాళ్ళకేనా? రోజూ కొనుక్కోగలిగే పిండి ఇంకేదీ లేదా?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి సంచీ అందించారు. "పేర్రాజు గానుగకి వెళ్ళి కేజీ తెలగపిండి పట్రా తల్లీ."

ఆమె మొహం మాడిపోయింది. నువ్వుల నూనె తీశాక గానుగలో మిగిలే చెక్కే తెలగపిండి. మా వైపు బాలింతలకు కూర వండి పెడతారు, పశువులకూ పెడతారు. మంగతాయారు ఇంట్లో మాత్రం దానికి ఇంకో సంగతి ఉంది. చిన్నప్పుడు కూరగాయలు కొనలేని రోజున వాళ్ళమ్మ తెలగపిండే వండేదట. వండుతున్నంతసేపూ వీధి తలుపు దగ్గరగా వేసి ఉంచేదట, పక్కవాళ్ళకి వాసన వెళ్ళకుండా. ఆ తలుపు ఈవిడ మనసులో ఇంకా వేసే ఉంది. అయినా సంచీ తీసుకుని వెళ్ళింది.

పేర్రాజు గానుగకు ఎదురిల్లే సుభాషిణి టీచరుది. ఆవిడ జాకెట్లన్నీ మంగతాయారే కుడుతుంది. ఆ సమయానికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. మంగతాయారు గొంతు తగ్గించి తెలగపిండి కావాలంది. తెలగపిండి అడిగిన ప్రతివాళ్ళనీ పేర్రాజు ఒక ప్రశ్న వేస్తాడు. ఆ రోజూ వేశాడు, వీధంతా వినబడేలాగే.

"గేదెకా, మనుషులకా?"

"గేదెకే," అనేసింది మంగతాయారు.

పేర్రాజు గుమ్మం పక్కనున్న బస్తాలోంచి తీసి తూచి ఇచ్చాడు. అక్కడితో అయిపోతే బాగుండేది. సుభాషిణి టీచరు గేటు దాటి వచ్చింది. "ఓసి తాయారూ, గేదెని కొన్నావా? చెప్పలేదేం! ఎన్ని లీటర్లిస్తోంది?"

నోట్లోంచి ఒక అబద్ధం వచ్చాక రెండోది ఆగుతుందా? "పూటకి రెండండీ."

"అయితే రేపట్నుంచి మాకో లీటరు పొయ్యి. ఈ పాకెట్ పాలు తాగలేక చస్తున్నాం."

సరేనని తల ఊపి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ సాయంత్రమే చెక్కలు మిక్సీలో వేసి, జల్లించి, గుడ్లు కలిపి రొట్టె చేసింది. తెల్లారి అబ్బులు టీలో ముంచుకు తిన్నాడు. ఒకటి తిని, చెల్లెలు చూస్తోందని రెండోదీ తిన్నాడు. "బాగుందమ్మా," అన్నాడు. అరగంట తర్వాత ఆమె ఎవరికో జాకెట్ ఇవ్వడానికి వెళ్తూ బస్టాండు టీకొట్టు దగ్గర అన్నయ్యని చూసింది. రోజూ ఒక బన్ను తినేవాడు ఆ రోజు రెండు తింటున్నాడు, నోట్లో చేదు పోవడానికి కాబోలు. ఎదురుపడితే అతను సిగ్గుపడతాడని పక్కసందులోంచి తిరిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నా టీ వేళకి, మిగిలిన పిండి పట్టుకుని బేకరీకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి, కోపం మాత్రం తగ్గలేదు. "చవక సరుకు ఎందుకు చవకో తెలిసిందండీ మాస్టారూ. చేదు, పైగా ఇసక నమిలినట్టుంది. లేనివాళ్ళు ఆ వేళ్ళూ కాళ్ళూ పోగొట్టుకుని కూర్చోవాలి, అంతే కదూ?"

మాస్టారు చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. వెంటనే ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, నెమ్మదిగా అడిగారు. "ఎవరికని అడిగావు?"

ఆమె అంతా చెప్పింది, టీచరూ, రెండు లీటర్లూ, వేసి ఉన్న తలుపూ అన్నీ. పాల దగ్గరికొచ్చేసరికి నేను ఆగలేకపోయాను, పగలబడి నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆమెని మళ్ళీ గానుగకే వెళ్ళమని, సంచీ నా చేతికిచ్చి, "సూరిబాబూ, నువ్వు కూడా వెళ్ళు," అన్నారు. నవ్వినందుకు శిక్షన్నమాట. నా మర ఆపుకుని, ఆమె వెనకాలే సంచీ మోసుకుంటూ బయల్దేరాను.

దారి పొడుగునా ఆమె నాకు నాలుగడుగులు ముందే నడిచింది. నాకు సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, ఆ గుమ్మం ముందు నన్ను నిలబెట్టి ఆ ప్రశ్న వేసుంటే నేనూ గేదె అనే చెప్పేవాణ్ణి. నాకూ లేదు గేదె.

మేం వెళ్ళేసరికి పేర్రాజు నూనె డబ్బాలు తుడుస్తున్నాడు. "ఏమ్మా, నిన్నటి పిండి గేదె తిందా?" అన్నాడు నవ్వుతూ. అతను మామూలుగానే అడిగాడు, అతనికేం తెలుసు? ఇంతలో ఎదురింటి గేటు చప్పుడైంది. సుభాషిణి టీచరు స్టీలు క్యాను పట్టుకుని వచ్చేస్తోంది. "పొద్దున్నించీ చూస్తున్నాను తాయారూ. పాలేవీ?"

మంగతాయారు మొహం ఎర్రబడింది. పారిపోతుందేమో అనుకున్నాను. పోలేదు.

"పాలు లేవండీ. అసలు గేదే లేదు," అంది. తర్వాత పేర్రాజు వైపు తిరిగి, నిన్న అతను అడిగినంత గట్టిగానే చెప్పింది. "నాకున్నది మా అన్నయ్యండీ. ఆయన తినడానికి కావాలి."

వీధిలో ఎవరూ నవ్వలేదు. టీచరు క్యాను రెండో చేతిలోకి మార్చుకుని, "మీ అన్నయ్యకి షుగరు కదూ," అంది. పేర్రాజు చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి మూతేసిన డబ్బా పట్టుకొచ్చాడు. "ముందే చెప్పొద్దామ్మా? బస్తాలోది పొట్టుతో ఆడింది, నెలనాటిది. ఇది కడిగి, పొట్టు తీసిన నువ్వులది, ఇవాళ పొద్దున్నే ఆడాం. కొంచెం నోట్లో వేసుకుని చూడు." తీసుకుని చూసింది. నేనూ చూశాను. తెల్లగా ఉంది, కమ్మగా ఉంది. కేజీకి ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ చెప్పాడు. అయినా బాదం పిండి ధరలో పదో వంతు లేదు.

ఆ రొట్టె నేనూ తిన్నాను. బాదం రొట్టెలా ఉందని అబద్ధం చెప్పను. కాస్త బరువుగా ఉంటుంది, నువ్వుల వాసన తెలుస్తూనే ఉంటుంది. కానీ టీలో ముంచితే విరిగిపోదు. మొదటి రోజు అబ్బులు ఒకటి తిని, బాగుందని గానీ బాలేదని గానీ అనలేదట, "రేపటికి ఉందా?" అని అడిగాడట. ఉంది. ఎల్లుండికీ ఉంది. వీధి తలుపు బార్లా తీసి పెట్టి మంగతాయారు రోజూ రొట్టె కాలుస్తోంది. బస్టాండు టీకొట్టువాడు అబ్బులు ఊళ్ళో లేడేమో అనుకున్నాడు. మరుసటి నెల పరీక్షలో షుగరు దిగింది. ఈ మందులూ ఈ తిండీ ఇలాగే సాగితే ఆ వేలి జోలికి వెళ్ళక్కర్లేదన్నాడు డాక్టరు. అబ్బులు మర్నాడు ఎప్పట్లాగే బస్సెక్కాడు.

ఆ సాయంత్రం మంగతాయారు ఒక రొట్టె గుడ్డలో చుట్టి తీసుకొచ్చి మాస్టారి ముందు పెట్టింది. సంతోషంగానే ఉంది, కానీ ఒక కినుక మాత్రం దాచుకోలేకపోయింది.

"మనుషుల పిండి అడగమని ఆ మొదటి రోజే చెప్పొచ్చు కదా మాస్టారూ? అన్నయ్య ఆ చేదు తినేవాడు కాదు, నాకు వీధిలో ఆ తలవంపులూ ఉండేవి కావు."

మాస్టారు రొట్టె తుంచి, వాసన చూసి, నాకో ముక్క ఇచ్చి, తనో ముక్క నోట్లో వేసుకున్నారు.

"చెప్పుంటే, మాస్టారు తెమ్మన్నారని అడిగేదానివి, మా అన్నయ్యకని కాదు," అన్నారు.