ఉప్పునేల మీద కూర్చున్న పెద్దలు

గంధపుకోన అనే అడవిలో ఏనుగులు, కణుజు జింకలు, కొండముచ్చులు, కొంగలు, తాబేళ్లు ఉండేవి. ఆ కోనలో దేవుణ్ణి కొలవని ప్రాణి లేదు. అయితే ఒకరి దేవుడు ఇంకొకరికి పట్టేవాడు కాదు. కొంగలు పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడి సూర్యుడికి మొక్కేవి. తాబేళ్లు నీళ్లలో తల ముంచి ఏటితల్లికి మొక్కేవి. కొండముచ్చులు కొండ మీది నల్లరాతి చుట్టూ ప్రదక్షిణలు చేసేవి. ఒకరు పూజలో ఉంటే ఇంకొకరు ఆ దారిన కూడా వెళ్లేవారు కాదు.

ఏటి ఒడ్డున ఇసుకలో వేగమ్మ అనే తీతువు పిట్ట ఉండేది. దానికి కాలు ఒకచోట నిలిచేది కాదు. తీతువు కూస్తే చెడ్డ కబురని అందరికీ భయం. ఆ ఏడు నిజంగానే అది తెచ్చినవన్నీ చెడ్డ కబుర్లే.

ఏటికి అవతల ఎర్రదిబ్బ అనే పరాయి అడవి ఉంది. అక్కడ ఒక ఉప్పునేల ఉంది. ఆ మట్టి నాకితేనే జంతువులకు సత్తువ. ఆ నేల మాదంటే మాదని అడవిపందులు, అడవిదున్నలు పోరు మొదలుపెట్టాయి. వానలు వెళ్లి చలి వచ్చినా పోరు ఆగలేదు. పంది కూనలు, దున్న దూడలు గిట్టల కింద నలిగిపోయాయి.

వేగమ్మ చెల్లెలు ఆ నేల అంచునే గుడ్లు పెట్టింది. ఒక ఉదయం వేగమ్మ చూడబోతే గుడ్లు లేవు. పెంకులు బురదలో కలిసిపోయి ఉన్నాయి. చెల్లెలు ఏడవడం లేదు. ఆ పెంకుల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఎవరు తొక్కారే?" అని వేగమ్మ అడిగింది.

"చూడలేదక్కా. పందులో, దున్నలో. తొక్కుకుంటూ పోయారు," అంది చెల్లెలు.

ఆ మాట విని వేగమ్మ అక్కడ ఆగలేదు. తిన్నగా గంధపుకోన రాజు దగ్గరికి ఎగిరింది. రాజు గజకేతు అనే ఏనుగు. తనంత బలం, తనంత తెలివి ఎవరికీ లేవని అతని నమ్మకం. దున్నలు తమలాగే పెద్ద ఒళ్లున్న జాతి కనుక న్యాయం వాళ్లదేనని అప్పటికే తేల్చేశాడు. మందను వెంటబెట్టుకుని సాయం వెళ్లాలని చూస్తున్నాడు. ముందు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించమని వేగమ్మ వేడుకుంది.

గజకేతు నవ్వాడు. "మాటలు బలం లేనివాళ్లకు. నేను అడుగుపెడితే పందులు ఒక్క పూటలో పారిపోతాయి."

"పారిపోయినవాళ్లు మళ్లీ వస్తారు ప్రభూ," అంది వేగమ్మ. రాజు వినిపించుకోలేదు.

వేగమ్మ కొంగల పెద్ద దగ్గరికి వెళ్లింది. పోరు ఆగాలని రోజూ సూర్యుణ్ణి అడుగుతున్నామని ఆయన చెప్పాడు. కొండముచ్చుల పెద్ద కూడా నల్లరాతిని అదే అడుగుతున్నాడు. మరి అందరూ కలిసి అవతలికి రండి అంటే మాత్రం ఇద్దరూ ముఖం తిప్పుకున్నారు. వాళ్లతోనా, అన్నారు. వేగమ్మ కొండకూ ఏటికీ మధ్య తిరిగి తిరిగి, రెక్కలు నొప్పులెత్తి, చివరికి ముసలి తాబేలు ముందు వాలింది.

"అవ్వా, మీరందరూ అడిగే వరం ఒక్కటే. విడివిడిగా అడుగుతున్నారు. అక్కడ పిల్లలు చచ్చిపోతున్నారు," అంది.

తాబేలు అవ్వ తల లోపలికి లాక్కుంది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. ఈవిడ కూడా ఇంతే అనుకుని వేగమ్మ లేవబోయింది. అప్పుడు తల బయటికి వచ్చింది.

"కొండకు దారి చూపించమ్మా," అంది అవ్వ.

నీళ్లు వదలని ప్రాణి కొండ ఎక్కడం మొదలుపెట్టింది. జారుతూ, ఆగుతూ, రాళ్లకు డిప్ప గీరుకుంటూ ఎక్కింది. పైనుంచి చూసిన కొండముచ్చుల పెద్దకు మనసు ఆగలేదు. తనే కిందికి దిగి వచ్చాడు. వాళ్లిద్దరినీ ఒకే దారిలో చూసి కొంగ పెద్ద కూడా వెంట నడిచాడు.

వాళ్లు ఏరు దాటి ఉప్పునేల నడిమధ్యన కూర్చున్నారు. వేగమ్మ రెండు పక్షాలకూ కబురు చెప్పి వచ్చింది. ఎవరూ రాలేదు. పొదల్లోంచి మాత్రం చాలా కళ్లు చూస్తున్నాయి. తెల్లవారింది. కొంగ ఒంటికాలి మీద నిలబడితే, ఆ మొక్కు పూర్తయ్యేదాకా మిగతా ఇద్దరూ నోరు మెదపలేదు. కొండముచ్చు ఒక రాయి చుట్టూ తిరిగితే కొంగ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

అది చూసి పందుల నాయకుడు కోరయ్య పొదలోంచి బయటికి వచ్చాడు.

"మీలో మీకే పడదని మేమూ విన్నాం. మీరా మాకు చెప్పేది?" అన్నాడు.

"మాకు ఇప్పటికీ పడదు నాయనా," అంది తాబేలు అవ్వ. "అయినా కలిసి వచ్చాం."

కోరయ్య ఇంకో రెండడుగులు ముందుకు వచ్చాడు. దున్నల నాయకురాలు నల్లమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడింది. నేల ఎవరిదని అవ్వ అడగలేదు. ఎవరెవరు పోయారో చెప్పమంది. కోరయ్య తన కూనల సంగతి చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. నల్లమ్మ తన దూడ సంగతి చెప్పింది. కోరయ్య తల వంచుకుని విన్నాడు.

సరిగ్గా అప్పుడు నేల అదిరింది. గజకేతు మందతో వచ్చేశాడు. పందులు ఇది మోసమని కేకలు వేశాయి. దున్నలు కొమ్ములు దించాయి. వేగమ్మ పైన గిరగిరా తిరుగుతూ గొంతు పోయేలా అరిచింది. పెద్దలు మాత్రం కూర్చున్నచోటి నుంచి కదలలేదు.

"ఆగు రాజా, మాటలు జరుగుతున్నాయి," అన్నాడు కొంగ పెద్ద.

గజకేతు ఆగలేదు. పోరులో కుళ్లబొడిచిన నేల కొన్నిచోట్ల ఊబిలా మారింది. రాజు ముందుకాళ్లు అందులో దిగబడ్డాయి. పెనుగులాడిన కొద్దీ కూరుకుపోయాడు. ఒక దంతం రాతికి తగిలి ఫెళ్లున విరిగింది. వెంట వచ్చిన ఏనుగులు అతన్ని ఎలాగో బయటికి లాగి, ఇంటిదారి పట్టాయి. ఆ తర్వాత ఏ పోరుకూ అవి అతని వెంట వెళ్లలేదు.

"మా కోసం వచ్చి ఉన్న నేల కూడా పాడుచేశాడు," అంది నల్లమ్మ. ఇందులో మోసం లేదని కోరయ్యకు అర్థమైంది. పెద్దల ముందే, పొద్దున పందులూ సాయంత్రం దున్నలూ నేలను వాడుకోవాలని ఆ రోజే ఒప్పందం కుదిరింది.

ఒప్పందం కుదిరినా వేగమ్మకు నెమ్మది లేదు. రోజూ ఏరు దాటి చూసి వచ్చేది. రెండు అడవులవాళ్లూ ఇప్పుడు దాన్ని పిలిచి కబురు అడుగుతున్నారు. ఒక సాయంత్రం ఒక కుర్రపంది వేళ మీరి వచ్చి దూడను పొడిచింది. దున్నలన్నీ లేచి నిలబడ్డాయి. వేగమ్మ కూస్తూ వాటి నెత్తి మీద తిరిగింది.

నల్లమ్మ దూడ గాయాన్ని నాకింది. తర్వాత పైకి చూసి, "వేగమ్మా, కోరయ్యను పిలుచుకురా. మాట్లాడాలి," అంది.

నీతి: ఎవరి పోరులోనైనా ఒక పక్షం చేరడం తేలిక, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడమే అసలైన భక్తి.