సాంబ్రాణి పొగ

ఇంతవరకూ నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. "నేను" అని రాయాలంటే చేతికి సిగ్గుగా ఉంది, అందుకని ఈ కథలో నన్ను కూడా ఆదెమ్మ అనే రాస్తున్నాను. కథ నాది కాదు, దమయంతి మేడంది.

దమయంతి మేడం పశువుల పిండాలు పెంచే ల్యాబులో పెద్ద డాక్టరు. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పజెబుతారు, లేదంటే ఎక్కడికో వెంటబెట్టుకు పోతారు. ఆవిడ దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టరు కమలాకర్‌కి ఆ అలవాటంటే విసుగు. ఆ ల్యాబులో ఆవు లోపల్నించి సూదితో గుడ్లు తీస్తారు. గాజు గిన్నెలో మంచి ఆబోతు విత్తనం కలిపి, వెచ్చని పెట్టెలో వారం రోజులు పెంచుతారు. పిండం నిలబడితే వయసులో ఉన్న ఇంకో ఆవు కడుపులో పెడతారు.

ఆదెమ్మ ఆవు సంపంగి ముసలిదైపోయింది. చూలు కట్టడం మానేసి చాలా కాలమైంది. దాని తల్లి, తల్లి తల్లి కూడా ఆ కొట్టంలోనే పుట్టాయి. సంపంగికి ఆడదూడ లేదు. దీంతో ఆ వరస అయిపోతుంది. మేడం వచ్చి చూసి, గుడ్లు ఇంకా దొరకొచ్చు అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆదెమ్మ ఆవును ల్యాబుకు తోలుకెళ్ళింది. సూది పెట్టేటప్పుడు దాని మెడ పట్టుకుని పక్కనే నిలబడింది. ఇంటికొచ్చాక, ల్యాబున్న దిక్కుకు తిరిగి రోజూ దండం పెట్టుకుంది.

వారం తిరక్కుండానే కమలాకర్ కబురు మోసుకొచ్చాడు. వాకిట్లో బండి మీద నుంచి దిగను కూడా దిగలేదు.

"అన్నీ పోయాయమ్మా. ముసలి ఆవు కదా, గుడ్లలో సత్తువ లేదు. ఇక దీన్నించి ఏం రాదు."

ఆదెమ్మ మరిది వీరాస్వామి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "విన్నావుగా వదినా. డాక్టరుగారే చెప్పాక ఇంకెందుకు మేపడం? బేరగాణ్ణి రమ్మంటాను" అన్నాడు.

ముసలిదని సూది పొడిచేటప్పుడు తెలీదా అని అడుగుదామనుకుంది ఆదెమ్మ. మాట గొంతు దాకా వచ్చి అక్కడే అడ్డం పడింది. బండి వెళ్ళిపోయింది. ఆదెమ్మ పేడ కలిపి గోడకేసి పిడకలు కొట్టింది. ఒక్కో పిడకా చెంప మీద కొట్టినట్టు కొట్టింది. ఆ కోపం కమలాకర్ మీదో, వీరాస్వామి మీదో, పెగలని తన నోటి మీదో ఆమెకే తెలీలేదు.

బేరగాడు మర్నాడు పొద్దున వస్తాడనగా, సాయంత్రం ల్యాబు జీపు వచ్చి వాకిట్లో ఆగింది. మేడం ముందు దిగారు. వెనక కమలాకర్, తల వంచుకుని. మేడం ముఖం కందగడ్డలా ఉంది.

"ఆదెమ్మా, తప్పు నీ ఆవుది కాదు" అన్నారు. "నేను ఊళ్ళో లేను. ఇవాళే వచ్చాను. పిండాలుండే గది తలుపు తీస్తే గుడి తలుపు తీసినట్టు గుప్పుమంది. ఏం జరిగిందో నువ్వే చెప్పు, కమలాకర్."

ఆ గదిలోకి అత్తరు పూసుకుని వెళ్ళకూడదు, నేల ఫినాయిలుతో తుడవకూడదు. మేడం తన తలలో పూలు కూడా గేటు దగ్గరే తీసేస్తారు. అక్కడి గాలిలో ఏది కలిసినా పిండాలకు పడదట. ఇదంతా కమలాకర్‌కి తెలుసు. కానీ శుక్రవారం పూట, పిండాలు చల్లగా పెరగాలని, వెచ్చని పెట్టె ముందు సాంబ్రాణి వేసి కళ్ళు మూసుకుని మొక్కాడు. దేవుడి పొగ అతని లెక్కలో వాసన కిందికి రాలేదు.

అంతా చెప్పి అతను తల ఎత్తాడు. "చెడు తలచి చెయ్యలేదు మేడం. భక్తితో చేసింది హాని ఎలా చేస్తుంది? మీరే చెప్పండి."

మేడం ఆదెమ్మను పిలిచారు. "ఆదెమ్మా, ఇంట్లో సాంబ్రాణి ఉందా?" అన్నారు.

ఆదెమ్మ ధూపం గిన్నెలో నిప్పులు వేసి తెచ్చింది. కొట్టం పక్కన కిటికీ లేని చిన్న దాణా గది ఉంది. మేడం అతన్ని అందులో కూర్చోబెట్టారు. గిన్నె ఎదురుగా పెట్టి, గుప్పెళ్ళతో సాంబ్రాణి వేసి, వంగి దండం పెట్టారు. "నీ మేలు కోరే వేస్తున్నాను నాయనా" అని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. గడియ పెట్టలేదు. చేతులు జోడించి అక్కడే నిలబడ్డారు.

"ఈవిడకేమైనా పట్టిందా?" అని వీరాస్వామి గొణిగాడు. మేడం అతని వంక చూసిన చూపుకు బీడీ పారేశాడు.

లోపల దగ్గు మొదలైంది. తెరలు తెరలుగా పెరిగింది. అంతలో కమలాకర్ తలుపు తోసుకుని బయటపడ్డాడు. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు.

"చంపేస్తారా మేడం!"

"అదేంటి, వచ్చేశావు? మంచి సాంబ్రాణే. నేను మొక్కింది కూడా మనసారానే."

"ఊపిరాడకపోతే ఎలా ఉంటాను?"

మేడం దాణా గది తలుపు వైపు చెయ్యి చూపించారు.

"నీకు తలుపుంది" అన్నారు.

జీపు ఎక్కబోతూ ఆదెమ్మ వైపు తిరిగారు. "ఇంకొక్కసారి చూడొచ్చు. నిలబడుతుందని మాత్రం మాటివ్వలేను. నీ ఇష్టం." కొట్టంలో సంపంగి నెమరు వేస్తోంది.

మర్నాడు పొద్దున బేరగాడు వచ్చేసరికి కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. ఆదెమ్మ అప్పటికే సంపంగిని ల్యాబు దారిలో నడిపిస్తోంది. ఈసారి దాని నుదుట పసుపు రాయలేదు, కుంకుమ పెట్టలేదు. గేటు దగ్గర తన జడలోని కనకాంబరాలు కూడా తీసి గోడ మీద పెట్టింది. కమలాకర్ ఎదురొచ్చి, వంగి ఆవు కాళ్ళకు మొక్కబోయాడు. ఆదెమ్మకు ఈసారి మాట గొంతులో అడ్డం పడలేదు.

"మొక్కులు తర్వాత బాబూ. ముందెళ్ళి చేతులు కడుక్కో" అంది.