రెండో కొస

"గురువుగారూ, చిన్నపిల్లలకు ఏ నెల గండం?" అని చలమయ్య అడిగే సమయానికి బసవయ్యగారు రాట్నం తిప్పుతున్నారు. పాదాలకు మొక్కే శిష్యులు ఎందరున్నా ఆయన కండెలు చుట్టడం మానలేదు. ప్రశ్న ఎంత పెద్దదైనా సరే, చేతిలో కండె నిండేదాకా జవాబు చెప్పేవారు కాదు. ఈలోగా అడిగినవాడికే సిగ్గేసి లేచిపోవడం కద్దు. చలమయ్య మాత్రం కదల్లేదు. భయపడ్డవాడికి సిగ్గేమిటి.

అతని భయం ఊరందరికీ తెలిసిందే. సముద్రపు గాలి తగిలే ఆ నేత ఊళ్లో చలమయ్యది ఒక మగ్గం, భార్య అంకమ్మది ఒక మగ్గం. తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. చాలా ఏళ్లకు మళ్లీ ఆడపిల్ల పుడితే, దీని మీదైనా మృత్యువు కన్ను పడకూడదని ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించి పుల్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు నడక వచ్చిన నాటి నుంచి చలమయ్యకు నిద్ర కరువైంది. ఎండాకాలం వడదెబ్బ తగులుతుందని పిల్ల గౌను జేబులో ఉల్లిపాయ పెట్టేవాడు. వానాకాలం పాములు వస్తాయని గడప చుట్టూ ఇంగువ నీళ్లు చల్లేవాడు. చలికాలం నెగడు చూస్తే భయం, దీపావళికి చిచ్చుబుడ్డి చూస్తే భయం, అమావాస్య వస్తే దిష్టి భయం. ఒక్కో భయానికి ఒక్కో తాయెత్తు. పుల్లమ్మ మొహం చూడాలంటే ముందు తాయెత్తులు పక్కకు తొలగించుకోవాలని ఇరుగుపొరుగు నవ్వేవారు. వాళ్ల పిల్లలు వాళ్లకు దక్కారు కాబట్టి నవ్వారు.

ఆమధ్య ఒక జ్యోతిష్కుడు జాతకం చూసి పిల్లకు జలగండం ఉందన్నాడు. శ్రావణమాసం దాటితే ఇక భయం లేదన్నాడు. ఆ మాట పట్టుకునే చలమయ్య గురువుగారి దగ్గరికి వచ్చాడు.

కండె నిండాక బసవయ్యగారు తలెత్తారు. "ఏ నెలకా నెల ఒక రక్ష కట్టుకుంటూ పోతే పిల్ల మెడ చాలదు నాయనా."

"అందుకేనండీ వచ్చింది. ఏడాది పొడుగునా కాచే రక్ష ఏదన్నా ఉంటే ఇప్పించండి."

ఆయన కాసేపు చలమయ్య ముఖంలోకి చూశారు. తర్వాత నాలుగు పోగులు కలిపి పురివేసిన దారం తీసి, దానికి పసుపు పూసి, ఉన్నదంతా లాగి అతని దోసిట్లో పోశారు. "ఒక కొస పిల్ల మొలకు కట్టు. తెంచకు" అన్నారు. చలమయ్య కళ్లకద్దుకుని ఇంటికి పరుగెత్తాడు. ఇంకొక ప్రశ్న అడగాలని అతనికి తోచలేదు.

అంత దారం ఏం చేయాలో అంకమ్మకు పాలుపోలేదు. తెంచకూడదని ఆజ్ఞ కదా. ఒక కొస మొలతాడుకు ముడివేసి, మిగతాదంతా నిమ్మకాయంత ఉండ చుట్టి అక్కడే వేలాడదీసింది. అంతవరకూ ఆమె నేతకు కూర్చున్నప్పుడల్లా ఒక పాతచీర పేలికను పిల్ల నడుముకూ తన నడుముకూ కట్టుకునేది. ఆ వీధిలో తల్లులందరూ చేసే పనే అది. కాళ్లు మగ్గం గుంటలో ఉంటాయి, కళ్లు పడుగు మీద ఉంటాయి, పిల్ల వీపు వెనకాల ఉంటుంది. పేలిక బిగుసుకుంటే వెనక్కి తిరిగి చూడాలన్నమాట. ఇప్పుడు గురువుగారి రక్ష వచ్చాక దాని పక్కన మైలగుడ్డ ఎందుకని ఆ పేలికను విప్పి పారేసింది. పాపం, భక్తితోనే పారేసింది.

శ్రావణమంతా చలమయ్య గడప దాటలేదు. పెరట్లో నీళ్ల గాబు మీద మూత పెట్టాడు, మూత మీద రాయి పెట్టాడు. వానలకు నేలలో నీరు ఊరి మగ్గం గుంటల్లో నిలిచింది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో మగ్గాలు ఆగిపోవడం ఏటా ఉన్నదే. పెరట్లో తమ మగ్గాల పాకలోని గుంటల మీద చెక్కపలకలు పరిచాడు. పిల్ల దగ్గితే ఉలిక్కిపడేవాడు. దగ్గకుండా నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేవాడు.

నెల గడిచింది. పిల్ల నిక్షేపంగా ఉంది.

భాద్రపద పాడ్యమినాడే భోజనాలు పెట్టాడు. గురువుగారిని పిలిచాడు, చుట్టాలను పిలిచాడు, వీధిని పిలిచాడు. మనిషి ఏరు దాటి తెప్ప తగలేశాడంటారే, ఆ సామెత చలమయ్యను చూసే పుట్టిందేమో అనిపించేటట్టు ఉన్నాడు ఆ రోజు. గుండిగలు దించుకోవడానికి పలకలు కావాలని వంటవాళ్లు అడిగితే తనే వెళ్లి మగ్గం గుంటల మీదవి తీసిచ్చాడు. నీళ్లు తోడుకోవడానికి గాబు మూత తీశారు. పెరట్లో గాడిపొయ్యి భగభగ మండుతోంది. ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినిపించుకునే స్థితిలో లేరు. గండం గడిచిన ఇల్లు అలాగే ఉంటుంది.

బసవయ్యగారు పీట మీద కూర్చుని, "పిల్లేదీ?" అన్నారు.

"వాళ్లమ్మ దగ్గరుందండీ."

విస్తట్లో అన్నం పడింది, పప్పు పడింది, నెయ్యి పడింది. ఆయన చెయ్యి కదల్లేదు. "ఒకసారి తీసుకురా నాయనా. చూసి తింటాను."

చలమయ్య నవ్వుతూనే లోపలికి వెళ్లాడు. అంకమ్మ కూర గిన్నె పట్టుకుని వస్తోంది. "పిల్లేదే?" అంటే, "మీ దగ్గరే కదా ఉంది" అంది. "నా దగ్గరెక్కడిది, మా అక్క ఎత్తుకుపోయింది కదా." అక్కను అడిగితే, "నేనెప్పుడో దించేశానురా, మన అమ్మ దగ్గరికి పోయింది" అంది. ముసలమ్మ వసారాలో గోడకానుకుని కునుకు తీస్తోంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. ఇంట్లో అంతమంది ఉన్నారు, అందరికీ పిల్ల ఇంకొకరి దగ్గర ఉంది.

అంకమ్మ చేతిలో గిన్నె ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలియదు. వీధిలోకి చూసింది, గదిలోకి చూసింది, పెరటి గుమ్మం దాటబోయింది. కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే పసుపు దారం. దాని కొస తలుపు కింది గొళ్లేనికి చిక్కుకుని ఉంది. పిల్ల మొలకు వేలాడుతున్న ఉండ విడిపోయి, నడిచిన మేరకు వెనకాలే పరుచుకుంటూ పోయింది.

ఆమె దారాన్ని లాగలేదు. అవతలి కొసన పిల్ల ఎలా ఉందో తెలియదు కదా. వేళ్ల మధ్య పట్టుకుని దాని వెంటే నడిచింది, చలమయ్య ఆమె వెనకాల నడిచాడు. దారం నేరుగా గాడిపొయ్యి అంచు దాకా వెళ్లింది. అక్కడ జానెడు మేర పసుపు నల్లగా కమిలి ఉంది. వంటవాడు గరిటె పట్టుకుని, "ఏంటమ్మా?" అంటున్నాడు. ఆమెకు వినపడలేదు. పొయ్యి దగ్గర నుంచి దారం గాబు వైపు తిరిగింది. గాబు గట్టు మీద అది తడిసి ఉంది.

అంకమ్మ గాబులో భుజాల దాకా చేతులు ముంచింది. అడుగంతా తడిమింది. నాచు తగిలింది, ఎవరిదో చెంబు తగిలింది. ఇంకేమీ తగలనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో లేదో కూడా ఆమెకు తెలియలేదు. ఎందుకంటే దారం అక్కడ ఆగలేదు. గట్టు దిగి, బురదలో చిన్న చిన్న అడుగుల పక్కగా, మగ్గాల పాకలోకి పోయింది.

పాకలో చీకటిగా ఉంది. దారం గడప దాటి, నేల మీదుగా సాగి, అంకమ్మ మగ్గం గుంట అంచున కిందికి వాలింది.

పుల్లమ్మ తల్లి కూర్చునే చోటే కూర్చుని ఉంది. తల్లిలాగే కాళ్లు రెండూ గుంటలోకి వేలాడేసింది. నీళ్ల మీద తేలుతున్న తొక్కుడు చెక్కను అందుకోవాలని ముందుకు వంగి కాలు చాపుతోంది. అందడం లేదు. ఇంకా కొంచెం జరిగింది.

చలమయ్య కేకేయడానికి నోరు తెరిచాడు. అంకమ్మ తడిచేత్తో అతని నోరు గట్టిగా మూసింది. పిలిస్తే పిల్ల తిరిగి చూస్తుంది, తిరిగితే జారుతుంది. ఆమె మోకాళ్ల మీద పాకుతూ వెళ్లింది. ఊపిరి చప్పుడు కూడా రానివ్వలేదు. వెనక నుంచి గౌను పిడికిట పట్టి, పిల్లను గుండెల మీదికి లాక్కుని, నేల మీద చతికిలబడింది. అంత గట్టిగా పట్టుకునేసరికి పుల్లమ్మ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గానీ చలమయ్యకు కాళ్లు నేల మీద ఆనలేదు.

బసవయ్యగారు పాక గుమ్మంలో నిలబడి ఉన్నారు. చలమయ్య వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాడు. "మీ రక్షే కాపాడింది గురువుగారూ. మీ దారం మహిమ."

"మహిమేమీ లేదు. గొళ్లేనికి చిక్కుకుంది, నేను అన్నం ముందు కూర్చుని పిల్లను అడిగాను. రేపు గొళ్లెం ఉండదు, నేనూ ఉండను." ఆయన చలమయ్యను లేవదీశారు. "నేతగాడివి, దారానికి రెండు కొసలుంటాయని నీకు చెప్పాలా అనుకుని ఊరుకున్నాను. అది నా పొరపాటు."

ఈ కథ మొదట విన్నప్పుడు ఆ ముసలాయన మీద నాకూ ఒళ్లు మండింది. అంత ముఖ్యమైన మాట ఆ రోజే నోరు విప్పి చెప్పొద్దూ. కానీ చెప్పినా చలమయ్య చెవికెక్కేది కాదేమోనని కూడా అనిపిస్తుంది. అతనికి కావలసింది తాయెత్తు. తన నడుముకు కట్టుకోవలసిన దాన్ని తాయెత్తు అని ఎవరంటారు?

బసవయ్యగారు పెరటి గుమ్మం దాకా వెళ్లి, గొళ్లెం నుంచి దారం కొస విడిపించి, చుట్టుకుంటూ వెనక్కి వచ్చారు. కమిలిన చోట ఒక్క క్షణం ఆగి బొటనవేలితో నిమిరారు. పాకలోకి వచ్చి ఆ కొసను చలమయ్య చేతిలో పెట్టారు. చలమయ్య దాన్ని చూశాడు, పిల్ల మొలను చూశాడు, భార్య నడుము వైపు చూశాడు. అక్కడ ఒకప్పుడు పాతచీర పేలిక ఉండేది. ఆ కొసను తన నడుముకు కట్టుకుని ముడి వేసుకున్నాడు. అంకమ్మ పిల్లను వదలకుండానే దాన్ని ఇంకొంచెం బిగించింది.

భయం మనిషిని అంత తొందరగా వదులుతుందా. చలమయ్య మళ్లీ అడగనే అడిగాడు. "ఇది ఏ నెల దాకా ఉంచుకోమంటారు గురువుగారూ?"

పుల్లమ్మ ఏడుపు మాని, తన మొల దగ్గరి ముడిని బుల్లి గోళ్లతో గీకుతోంది. అది రావడం లేదు. బసవయ్యగారు ఆ వేళ్ల వైపు చూశారు.

"ఆ ముడి తన చేత్తో తాను విప్పుకునేదాకా" అన్నారు.