చెలమకు కాపలా

ఏటివంపు అడవిలో జింకలు, కుందేళ్లు, ముంగిసలు, తాబేళ్లు, ఒక అడవిపంది కుటుంబం బతుకుతుండేవి. ఎండాకాలం వస్తే అక్కడి వాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులన్నీ కలిసి వాగు ఇసుకలో లోతుగా ఒక గుంట తవ్వుకునేవి. దాన్నే చెలమ అనేవి. ఇసుక అడుగు నుంచి నీళ్లు మెల్లగా ఊరి అందులో చేరేవి. చెలమ దగ్గర ఒకటే కట్టుబాటు. ఒకరు తాగాక, నీళ్లు మళ్లీ ఊరేదాకా రెండోవారు ఆగాలి.

అడవిపంది వరాలయ్యకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చెలమలో నీళ్లు రోజురోజుకీ దిగిపోతున్నాయి. ఇంట్లో చూస్తే భార్య బొద్దమ్మ ఆరు పిల్లల్ని ఈని పది రోజులైనా కాలేదు. తల్లికి నీళ్లు అందకపోతే పాలు పడవు, పాలు పడకపోతే పిల్లలు దక్కవు. ఆ దిగులు వరాలయ్యను తినేసింది. నాలుగు రోజులు తిరిగేసరికి దిగులు కాస్తా అనుమానమైంది.

ఎవరిని చూసినా దొంగలాగే కనిపించసాగారు. జింక కళ్లు మూసుకుని తాగుతోందంటే లోపల ఏదో తప్పు ఉండే ఉంటుంది. తాబేలు ఆ చిప్ప కింద ఎన్ని నీళ్లు దాచుకుపోతోందో ఎవరు చూడొచ్చారు? ఇక కుందేలు చెంగయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత కరువులోనూ వాడు నున్నగా నిగనిగలాడుతున్నాడు.

ఒక ఉదయం వరాలయ్య అందరి ముందూ చెంగయ్యను నిలదీశాడు.

"నేను తాగేది రోజుకు ఒక్కసారే మామా" అన్నాడు చెంగయ్య.

"దొంగ ఎవడైనా అదే అంటాడు" అన్నాడు వరాలయ్య.

పాపం చెంగయ్య ఆ రోజు నుంచి చెలమకు రావడమే మానేశాడు. గట్టు మీద దుంపలు తవ్వి, వాటి రసంతోనే గొంతు తడుపుకున్నాడు. అడవిలో అందరూ ఒకరినొకరు ఓరకంట చూసుకోవడం మొదలైంది.

వరాలయ్యకు అదీ చాలలేదు. ముందు జాగ్రత్త మంచిదనుకుని తుంగ పొదల చాటున సొంతంగా ఒక చెలమ తవ్వుకున్నాడు. అక్కడ ఊరేదాకా ఆగే పని లేదు. కడుపారా తాగి, బురదలో హాయిగా పొర్లి వచ్చేవాడు. ఇటు అందరి చెలమలో జానెడు దిగే నీళ్లు మూరెడు దిగసాగాయి. దొంగ మరీ బరితెగించాడని వరాలయ్య మండిపడి, కాపలాకు తానే కూర్చున్నాడు.

మొదటి రోజు అతను అక్కడి నుంచి కదల్లేదు. సాయంత్రానికి నీళ్లు జానెడు పెరిగాయి. తనను చూసి దొంగ జడుసుకున్నాడని వరాలయ్య పొంగిపోయాడు. రెండో రోజు మధ్యాహ్నం ముంగిసను కాపలా ఉంచి తన గుంటకు వెళ్లొచ్చాడు. వచ్చి చూస్తే నీళ్లు మళ్లీ దిగిపోయి ఉన్నాయి. ఇంకేముంది, ముంగిస మెడ మీద కాలు పెట్టాడు.

తడి ఇసుకలో కాపురముండే ముసలి ఎండ్రకాయ అప్పుడు బయటికి వచ్చింది. అందరూ ఆమెను ఎండ్రవ్వ అనేవారు. "వరాలయ్యా, ఇందాక ఎటు వెళ్లావు?" అని అడిగింది.

ఎటూ వెళ్లలేదని అతను బుకాయించాడు. కానీ ఒంటి మీది బురద ఇంకా కారుతూనే ఉంది. జంతువులు అతని అడుగులు పట్టుకుని వెళ్లి తుంగ పొదల చాటున గుంటను చూశాయి.

"ఇది నా కష్టంతో తవ్వుకున్నది. మీ చెలమలో దొంగతనంగా చుక్క ముట్టలేదు" అన్నాడు వరాలయ్య.

"గుంటలు రెండు, నాయనా. కింద నీళ్లు ఒకటే" అంది ఎండ్రవ్వ.

నువ్వు ఇక్కడ తోడినప్పుడల్లా నా బొరియలో నీళ్లు ఇటే వచ్చేస్తున్నాయని చెప్పింది. నీ గుంట అడుగున బంకమట్టి కనిపిస్తోంది, ఈ నీళ్లన్నిటినీ ఆపుతున్నది అదే, దాని జోలికి మాత్రం పోకు అని మరీ మరీ చెప్పింది.

వరాలయ్య ఆ మాటనూ అనుమానించాడు. అసలు నీళ్లు దాని కిందే ఉండి ఉంటాయి, ముసలిది తన కోసం దాచుకుంటోంది అనుకున్నాడు. నా నీళ్లు వేరే అని చూపిస్తానంటూ గుంటలోకి దూకి కోరలతో కుమ్మాడు. బంకమట్టి పగిలింది. దాని కింద ఎండు గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. ఉన్న నీళ్లన్నీ బుడబుడమంటూ ఆ రాళ్లలోకి జారిపోయాయి. పొద్దు వాలకముందే రెండు చెలమలూ ఎండిపోయాయి.

జంతువులన్నీ మట్టి మోసుకొచ్చి ఆ కన్నాన్ని పూడ్చి తొక్కాయి. మళ్లీ నీళ్లు ఊరడానికి పదిహేను రోజులైనా పడుతుందని ఎండ్రవ్వ చెప్పింది. దుంపలతో నెట్టుకురావడం చెంగయ్యకు అప్పటికే అలవాటు. అందరినీ వెంటబెట్టుకుని అతను గట్టు మీదికి బయలుదేరాడు.

వరాలయ్య తల దించుకుని ఇంటికి వెళ్లాడు. పిల్లలు పాల కోసం తల్లి పొట్టను కుమ్ముతున్నాయి. బొద్దమ్మ ఎండిపోయిన నాలుకతో అడిగింది.

"దొంగ దొరికాడా?"

"దొరికాడు" అన్నాడు వరాలయ్య.

"అమ్మయ్య. మరి నీళ్లు తెచ్చావా?"

వరాలయ్య ఏడ్చాడు.

నీతి: గుంట ఎవరు తవ్వుకున్నా నేల కింది నీళ్లు అందరివీ. ఎదుటివారిని దొంగ అనేముందు మనం ఎంత తోడుకుంటున్నామో చూసుకోవాలి.